బట్టీ పగిలింది, మనిషి సంగతేంటి?

ఎ.కొండూరు, మైలవరం తండాల్లో సారా బట్టీ పగలగొట్టి, బెల్లం ఊట పారబోసి, ఫొటో దిగి వెళ్లిపోతే తాగుడు పోయినట్టేనా? మర్నాడు చేతులు వణికి, చెమటలు పట్టి, లేనివి కనపడుతున్నాయని కేకలేసే మనిషిని ఎవరు చూస్తారు? గాలి సోకిందని తాయెత్తు కడతాం. ఏళ్ల తరబడి తాగినవాడు ఒక్కసారిగా మానితే ఫిట్స్ రావచ్చు, ప్రాణమే పోవచ్చు. అది జబ్బు. దానికి మందుంది.

దూబగుంట ఆడవాళ్లు 1992లో లేచారు, 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. గొప్ప పోరాటం. కానీ దుకాణం మూస్తే ఒంట్లో వణుకు ఆగదు. మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక వైద్యం అందుతోందని 2019లో ఎయిమ్స్ సర్వే తేల్చింది. ఆ ఒక్కడు మన తండావాడై ఉంటాడా? విజయవాడ పెద్దాసుపత్రికి పోవాలంటే రోగితో పాటు తోడు వెళ్లినవాళ్ల కూలీ పోతుంది.

గంజాయి సంగతి ఇంకా ఘోరం. పిల్లలతో ప్రతిజ్ఞలు, ర్యాలీలు (బ్యానరు పట్టుకునే డ్యూటీ నాకూ పడింది). 1985 నాటి మత్తుపదార్థాల చట్టంలో 64ఎ సెక్షన్ ఉంది. వాడుతూనో, కొద్ది మొత్తంతోనో దొరికినవాడు తనంతట తానే గుర్తింపు ఉన్న ఆసుపత్రిలో చికిత్సకు చేరి పూర్తిచేస్తే అతని మీద కేసు నడపరు. నేను నడిచిన ఏ ర్యాలీలోనూ ఈ మాట వినలేదు.

టీచర్లు, ఆశా కార్యకర్త, తండా నాయక్, సంఘం ఆడవాళ్లు ఒకచోట కూర్చోవాలి. దాడికొచ్చే జీపు వెనకే డాక్టరూ రావాలని అడగాలి. మత్తు మాన్పించే 14446 నెంబరు బడి గోడమీద రాయాలి. మైలవరం ప్రభుత్వాసుపత్రిలో వారానికో రోజు తప్పకుండా మానసిక వైద్యుడు కూర్చోవాలని సోమవారం గ్రీవెన్సులో అర్జీ పెట్టాలి. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఆ అర్జీ మీరు రాయండి. వేలిముద్రలు మేం వేయించుకొస్తాం.