స్మార్ట్ డోర్‌బెల్ సరే, పొగ వస్తే మిమ్మల్ని ఎవరు లేపుతారు?

మా ఫ్లాట్‌లో ముగ్గురం ఉంటాం. డోర్‌బెల్‌కి కెమెరా, హాల్లో స్మార్ట్ స్పీకర్, మాట చెబితే వెలిగే బల్బులు... అన్నీ ఉన్నాయి. పోయిన చలికాలం ఒకరోజు పొద్దున్నే మా రూమ్మేట్ స్నానం చేసి వచ్చి, కళ్లు తిరుగుతున్నాయంటూ గోడ పట్టుకుని కూర్చుండిపోయాడు. టిఫిన్ తినలేదు కదా, అందుకే అనుకున్నాం. తర్వాత గానీ లైట్ వెలగలేదు: బాత్రూంలోనే గ్యాస్ గీజర్ ఉంది. చలిగాలి రాకుండా వెంటిలేటర్‌కి అట్ట అడ్డం పెట్టింది కూడా మేమే!

గాలి చాలకపోతే గ్యాస్ పూర్తిగా మండదు, కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం మామూలు నీరసంలాగే ఉంటాయి.

పొగ కూడా తక్కువది కాదు. 2022 సెప్టెంబర్‌లో సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో మంటలు లేస్తే, పొగ పైనున్న హోటల్ గదుల్లోకి ఎక్కింది. 8 మంది చనిపోయారు.

అందుకే నా అభిప్రాయం: ఇంటికి కొనే మొదటి గ్యాడ్జెట్ అలారమే కావాలి. అది స్మార్ట్‌గా లేకపోయినా ఫర్వాలేదు. షార్ట్ సర్క్యూట్ అయి కరెంట్ పోతే రౌటర్ ఆగిపోతుంది, యాప్ నోటిఫికేషన్ రాదు. ఫోన్ సైలెంట్‌లో ఉంటే వచ్చినా లాభం లేదు. 2013లో వచ్చిన నెస్ట్ ప్రొటెక్ట్‌ని గూగుల్ అంతటిది 2025లో ఆపేసింది. బ్యాటరీతో నడుస్తూ, 3 మీటర్ల దూరంలో 85 డెసిబెల్స్‌తో అరిచే మామూలు డబ్బానే నయం.

కొనేముందు ఒక్క మాట. నేను మొదట తప్పు కొన్నా. వంటింటి గ్యాస్ లీక్ అలారం ఎల్‌పీజీని పట్టేది, దాంతో కార్బన్ మోనాక్సైడ్ సంగతి తెలియదు. డబ్బా మీద పొగకైతే ఈఎన్ 14604 లేదా యూఎల్ 217, కార్బన్ మోనాక్సైడ్‌కైతే ఈఎన్ 50291 లేదా యూఎల్ 2034 ఉందో లేదో చూడండి. సెన్సర్‌కి ఎక్స్‌పైరీ ఉంటుంది, ఆ తేదీ కూడా చూసుకోండి.

అలారం ఉంది కదా అని గీజర్‌ని బాత్రూంలోనే వదిలేయొద్దు. మేం ముందు అట్ట పీకేశాం, ఓనర్‌తో వాదించి గీజర్‌ని బాల్కనీలోకి మార్పించాం. ఆ తర్వాతే అలారం పెట్టాం.

మొన్న ఊరెళ్లినప్పుడు అమ్మవాళ్లకీ ఒక పొగ అలారం బిగించా. "పోపు పెట్టినప్పుడల్లా గోల చేస్తోందిరా, బ్యాటరీ తీసేస్తా" అంది అమ్మ. తప్పు నాదే, వంటింటి గుమ్మం దగ్గర పెట్టా. ఇప్పుడు బెడ్‌రూమ్ బయట సీలింగ్‌కి మార్చా. నెలకోసారి ఫోన్ చేసి టెస్ట్ బటన్ నొక్కిస్తున్నా.