శిక్ష పడవలసింది కొబ్బరికి కాదు

మధుమేహమో, గుండె జబ్బో ఉన్నదని తేలగానే మన ఇళ్లలో మొట్టమొదట బహిష్కరణకు గురయ్యేది కొబ్బరి. "కొలెస్ట్రాల్ కదండీ, మానేశాం" అని గర్వంగా చెప్పేవారిని ప్రభుత్వ ఆసుపత్రి ఓపీలో ఏళ్ల తరబడి చూశాను. వారి కంచంలో అన్నపు రాశి మాత్రం తగ్గదు. వేపుడులో నూనె తేలుతూనే ఉంటుంది. ఈ తీర్పు న్యాయమైనది కాదు.

కొబ్బరిలో కొలెస్ట్రాల్ లేదు. ఉన్నది సంతృప్త కొవ్వు. కనుక అసలు ప్రశ్న, ఎంత తింటున్నామన్నదే. గోరుచిక్కుడు, పెసరపప్పు, కొబ్బరి కలిపి వండే పొడికూరనే తీసుకోండి. నలుగురికి అరకిలో కాయలు, 100 గ్రాముల పప్పు, 40 గ్రాముల పచ్చికొబ్బరి తురుము చాలు. ఆ తురుములోని కొవ్వు సుమారు 13 గ్రాములు. మనిషికి మూడు గ్రాములకు కాస్త ఎక్కువ. ఒక పెద్ద చెంచా నూనెలోనే 14 గ్రాముల కొవ్వు ఉంటుంది! మరి దోషి ఎవరు?

పప్పును అరగంట నానబెట్టండి. రెండు చిన్న చెంచాల నూనెలో ఆవాలు, మినప్పప్పు, ఎండుమిర్చి, కరివేపాకుతో తాలింపు వేసి, ముక్కలూ పప్పూ కలిపి, నీళ్లు చిలకరించి, మూతపెట్టి సన్నని సెగపై మగ్గనివ్వండి. పప్పు ఉడకాలి కాని చిదిమిపోకూడదు. ఉప్పు మితంగా వేయండి. కొబ్బరి చివరన చల్లి దించండి. రుచి కొబ్బరి ఇస్తుంది కనుక నూనె పని తగ్గుతుంది.

కొబ్బరి నూనె సర్వరోగ నివారిణి అని ప్రచారం చేసేవారితోనూ నాకు పేచీ ఉంది. అది చెడ్డ కొలెస్ట్రాల్‌ను పెంచుతుందన్నది పరిశోధనలు తేల్చిన విషయం. చెంచాడు తురుముకూ గిన్నెడు నూనెకూ తేడా చెప్పకపోవడం ఇరుపక్షాల తప్పు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం పప్పు, కొబ్బరి ఎంత తినవచ్చో తమ వైద్యుణ్ణి అడిగి తీరాలి.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ కంచంలో సగం కూరగాయలూ పండ్లూ ఉండాలంటున్నది. మనమో కూరను నంజుకునే వస్తువుగా మార్చాం. కాయలోని పీచు, పప్పులోని మాంసకృత్తులు అన్నం వల్ల చక్కెర ఒక్కసారిగా పెరగకుండా నిదానింపజేస్తాయి. అయితే కూర చారెడు, అన్నం కుంచెడు అయితే ఏ పీచూ కాపాడలేదు.

కొబ్బరిచిప్పను వంటింటి నుండి వెళ్లగొట్టడం సులభం. అన్నం హస్తాన్ని చిన్నది చేయడమే కష్టం. ఈ రాత్రి ఆ కష్టమైన పనితోనే మొదలుపెట్టండి.