ఫ్రీగా అడుగుదాం.. ఫ్రీ అని చెబుదాం

‘అన్నా, కంపెనీకి మెయిల్ పెడితే వస్తువు ఫ్రీగా పంపిస్తరా?’

నల్గొండ క్లాక్‌టవర్ సెంటర్‌లో చాయ్ తాగుతుంటే డిగ్రీ ఫైనలియర్ చదివే తమ్ముడు ఒకడు అడిగిన ప్రశ్న ఇది. ఫోన్‌తోనే తెలుగులో రివ్యూ వీడియోలు చేస్తాడు. కింద అఫిలియేట్ లింకులు పెడతాడు. ఎవరైనా ఆ లింకు నొక్కి కొంటే వాడికి నాలుగు రూపాయల కమీషన్. నెలకు రీచార్జి ఖర్చు వెళ్తోందట. కొత్త వస్తువు కొని రివ్యూ చేద్దామంటే జేబులో పైసల్లేవు. అందుకే ఆ ప్రశ్న.

పంపిస్తారు. అడిగే తీరు తెలిస్తే తప్పకుండా పంపేవాళ్లు ఉన్నారు. అడగడానికి సిగ్గుపడాల్సింది కూడా ఏమీ లేదు. తెలుగు పత్రికల్లో పుస్తక సమీక్ష శీర్షిక కింద ‘సమీక్షకు రెండు ప్రతులు పంపాలి’ అనే మాట చూస్తూ పెరిగినవాళ్లమే కదా. 1922లోనే ‘నీలగిరి’ పేరుతో పత్రిక నడిచిన ఊరు మనది. రచయిత పుస్తకం ఊరికే పంపుతాడు. సమీక్షకుడికి నచ్చకపోతే నచ్చలేదనే రాస్తాడు. ప్రతి ఎక్కడి నుంచి వచ్చిందో చదివేవాళ్లకూ తెలుసు. దాంట్లో దాపరికం లేదు.

మన అఫిలియేట్ పనిలో రెండు తేడాలున్నాయి. ఒకటి, వస్తువు ఊరికే వచ్చిందని చూసేవాళ్లకు తెలియదు. రెండోది ఇంకా పెద్దది. పుస్తకం అమ్ముడుపోయినా, పోకపోయినా సమీక్షకుడికి ఒకటే. మనకు అట్లా కాదు. అమ్ముడైతేనే డబ్బులు. వస్తువూ ఉచితమే, అమ్మితే కమీషనూ మనకే. ఇక నోట్లోంచి ‘బాగాలేదు’ అనే మాట ఎట్లా వస్తుంది?

నాకు రాలేదు. అందుకే ఇది రాస్తున్నా.

మూడేళ్ల కింద ఒక కంపెనీ నాకు నీళ్ల ఫిల్టర్ పంపింది. నేనే అడిగి తెప్పించుకున్నా. అల్ట్రావయొలెట్ రకం, అంటే యూవీ. ఆరు నిమిషాల వీడియో చేశా. చేతిలో టీడీఎస్ మీటర్ పట్టుకొని అంకెలు చూపించా. చూసేవాళ్లకు భలే అనిపించింది, నాక్కూడా. మర్రిగూడ దిక్కు ఉండే మా చిన్నమ్మ ఆ వీడియో చూసి, నా లింకు నుంచే అదే ఫిల్టర్ కొన్నది. వాళ్లింట్లో బోరు నీళ్లు కూడా వాడతారు.

నెల తర్వాత ఇంటికి పోతే పక్కింటి టీచర్ సార్ అడిగిండు: ‘దీంతోని ఫ్లోరైడ్ పోతదా తమ్మీ?’

నోరు పెగల్లేదు. యూవీ దీపం క్రిములను చంపుతుంది. నీళ్లలో కరిగి ఉన్న ఫ్లోరైడ్‌ను అది ముట్టుకోదు. దానికి ఆర్‌ఓ లాంటిదే ఉండాలి. నేను గొప్పగా చూపించిన టీడీఎస్ మీటర్ నీళ్లలో కరిగిన లవణాలన్నిటినీ కలిపి ఒక్క అంకె చెబుతుంది. అందులో ఫ్లోరైడ్ ఎంతో చెప్పదు. అది తెలియాలంటే నీళ్లను ల్యాబ్‌లో పరీక్ష చేయించాలి. తాగే నీళ్లలో లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దారి లేనిచోట ఒకటిన్నర వరకు ఉండొచ్చని బీఐఎస్ ప్రమాణం. ఫ్లోరైడ్ తొలగించే పద్ధతికి ప్రపంచమంతా ‘నల్గొండ టెక్నిక్’ అని మన జిల్లా పేరే పెట్టుకుంది. ఆ జిల్లాలో పుట్టిన నేను నీళ్ల ఫిల్టర్ రివ్యూ చేసి ఫ్లోరైడ్ అన్న మాటే ఎత్తలేదు!

కంపెనీ అబద్ధం ఆడలేదు. డబ్బాలో వచ్చిన పుస్తకంలో ఏది పోతుందో, ఏది పోదో రాసే ఉంది. నేనే సరిగా చదవలేదు. ఊరికే వచ్చిన వస్తువును తప్పు పట్టే కన్ను తెరుచుకోలేదంతే. చిన్నమ్మ అన్న మాట మాత్రం ఇంకా గుచ్చుతూనే ఉంది: ‘నువ్వు పైసలు పెట్టి కొన్నవనుకున్న బిడ్డా. నువ్వే కొన్నవంటే మంచిదే ఉంటదనుకున్న.’

వాపసు గడువు అప్పటికే దాటిపోయింది. ఆ ఫిల్టర్ డబ్బులు నేనే ఇచ్చా, చిన్నమ్మ ఎంత వద్దన్నా. వీడియో తీసేశా.

ఇక నియమాల సంగతి. చాలామంది తమ్ముళ్లు, చెల్లెళ్లు ‘అవన్నీ సినిమా హీరోలకు, లక్షల ఫాలోవర్లు ఉన్నవాళ్లకు’ అనుకుంటున్నారు. కాదు. ప్రకటనల ప్రమాణాల మండలి ఆస్కీ 2021లోనే ఇన్‌ఫ్లుయెన్సర్లకు మార్గదర్శకాలు ఇచ్చింది. 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ కూడా సూచనలు విడుదల చేసింది. కంపెనీతో మనకున్న లావాదేవీని బయటపెట్టాలన్నది వాటి సారం. డబ్బు ఒక్కటే కాదు, ఉచితంగా వచ్చిన వస్తువు, డిస్కౌంటు, బహుమతి, హోటల్ బస అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. వీడియో అయితే వీడియోలోనే చెప్పాలి, కింద హ్యాష్‌ట్యాగుల గుంపులో దాస్తే కుదరదు. ఏ భాషలో మాట్లాడుతున్నామో ఆ భాషలోనే చెప్పాలి. నాకు బాగా నచ్చింది ఈ చివరి ముక్క. పది నిమిషాలు అచ్చ నల్గొండ యాసలో మాట్లాడి, చివర్లో ఇంగ్లిష్‌లో మూడక్షరాలు పెడితే మా చిన్నమ్మకు ఏం అర్థమైతది? ‘ఇది కంపెనీ వాళ్లు ఊరికే ఇచ్చిన్రు. మీరు కొంటే నాకు కమీషన్ వస్తది’ అంటే రెండు వాక్యాల్లో అయిపోయె.

తప్పుదోవ పట్టించే ప్రకటనలకు 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మొదటిసారి 10 లక్షల రూపాయల దాకా జరిమానా ఉంది. మళ్లీ చేస్తే 50 లక్షల దాకా. ప్రచారం చేసినవాళ్లకూ ఇది వర్తిస్తుంది. మన చిన్న చానళ్ల దాకా ఎవరొస్తారు అంటారా? రాకపోవచ్చు. నాకైతే ఆ జరిమానా కంటే చిన్నమ్మ మాటే ఎక్కువ పని చేసింది.

సరే, అడగడం ఎట్లా? నేను ఇప్పుడు చేసే పద్ధతి చెబుతా. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు మొదటి రోజే మెయిల్ పెట్టొద్దు. ఇంట్లో ఉన్న మిక్సీ, పాత ఫోను, తాత వాడే స్ప్రేయర్, హాస్టల్‌లో వాడుతున్న ఇండక్షన్ స్టవ్.. వీటి మీదే పది రివ్యూలు చేయండి. రెండేళ్లు వాడిన వస్తువు గురించి చెప్పగలిగేది, నిన్న డబ్బా విప్పినవాడు చెప్పలేడు. ఆ లింకుల నుంచి నాలుగు అమ్మకాలు జరిగితే, అదే మీ బయోడేటా. మామూలు యూట్యూబర్ దగ్గర వ్యూస్ లెక్కే ఉంటుంది. అఫిలియేట్ చేసేవాడి దగ్గర అమ్మకం లెక్క ఉంటుంది. కంపెనీకి కావాల్సింది అదే.

మెయిల్ చిన్నగా ఉండాలి. నేనెవరు, ఎవరి కోసం చేస్తా, చూసేవాళ్లు ఏ ఊళ్లవాళ్లు, గత మూడు నెలల్లో ఎన్ని అమ్మకాలు అయ్యాయి, వస్తువును ఎన్ని రోజులు వాడి చూస్తా, ఏమేం పరీక్షిస్తా. లెక్కలు పెంచి రాయొద్దు. అన్నిటికన్నా ముఖ్యమైన రెండు మాటలు చివర్లో రాస్తా: ‘మీరు పంపారని వీడియోలో చెబుతాను. లోపాలుంటే అవీ చెబుతాను.’ ఈ మాటలకు సగం మంది జవాబివ్వరు. ఇవ్వకపోతేనే నయం. పెద్ద కంపెనీలు ఎట్లాగూ పట్టించుకోవు, చిన్న కంపెనీల్లోనే ఎక్కువగా మనిషి దొరుకుతాడు.

ఖరీదైన వస్తువైతే ఉచితంగా అడగను, వాడి తిరిగి పంపుతానంటా. దీనికి పన్ను కోణం కూడా ఉంది. 2022 జులై నుంచి ఒక్కో సంస్థ నుంచి ఏడాదిలో 20 వేల రూపాయలు దాటి ఇలాంటి ప్రయోజనం పొందితే 10 శాతం టీడీఎస్ పడే నియమం వచ్చింది. వాడి వాపసు ఇచ్చేస్తే అది ప్రయోజనం కిందికి రాదని ఆదాయపు పన్ను శాఖే వివరణ ఇచ్చింది. పన్ను సంగతి పక్కన పెట్టినా, తిరిగి ఇచ్చేసే వస్తువు మీద నాలుక కొంచెం నిజం వైపే తిరుగుతుంది. ఇది నా అనుభవం.

ఊరికే అడగకూడని చోటు కూడా ఒకటుంది. పుట్టపాకలోనో, నారాయణపేటలోనో మగ్గం మీద కూర్చున్న మనిషి దగ్గరికి పోయి ‘అన్నా, మీ చీర వీడియో పెడతా, ఒకటి ఇయ్యి’ అనేవాళ్లను చూశా. కంపెనీకి ఒక శాంపిల్ అంటే ప్రచారం ఖర్చులో ఒక చుక్క. నేతన్నకు ఒక చీర అంటే ఇంటిల్లిపాది రోజుల తరబడి చేసిన పని. నూలుకు రంగు కట్టడం దగ్గర్నుంచి అంతా చేత్తోనే. అక్కడ వీడియో తీయండి, పేరు చెప్పండి, ఫోన్ నంబరు వాళ్లు ఒప్పుకుంటే పెట్టండి. చీర కావాలంటే కొనండి.

ఇంకో మాట, తొందరగా చెబుతా. టెలిగ్రామ్ గ్రూపుల్లో ‘కొనండి, ఫైవ్‌స్టార్ రివ్యూ పెట్టండి, స్క్రీన్‌షాట్ పంపితే డబ్బులు వాపస్’ అనే బేరం నడుస్తోంది. అది రివ్యూ శాంపిల్ కాదు, అబద్ధానికి ఇచ్చే కూలి. అమెజాన్ అయితే ఉచిత వస్తువుకు బదులుగా తన సైట్లో రివ్యూ రాయడాన్ని 2016లోనే నిషేధించింది, తాను నడిపే వైన్ కార్యక్రమం తప్ప. వాపసు ఇస్తామన్నవాడు మాయమైతే అడిగే దిక్కు ఉండదు. ‘శాంపిల్ కావాలంటే ముందు డిపాజిట్ కట్టు’ అనేవాళ్లూ అదే బాపతు. పైసలు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

చాయ్ దగ్గర తమ్ముడితో ఇదంతా చెప్పేసరికి రెండో చాయ్ కూడా అయిపోయింది. ‘అన్నీ చెబితే ఎవరు కొంటరన్నా’ అన్నాడు. న్యాయమైన అనుమానమే. కమీషన్ తగ్గుతుంది, నాకూ తగ్గింది. ఫిల్టర్ల గురించి మళ్లీ చేసిన వీడియోలో ‘ముందు మీ బోరు నీళ్లు పరీక్ష చేయించుకోండి, ఖరీదైన ఆర్‌ఓ కావాలో లేదో ఫలితం చూశాకే తేల్చుకోండి’ అని చెప్పా. ఆ లింకు నుంచి మొదటి నెలలో అమ్ముడైనవి రెండే. కామెంట్లలో మాత్రం చండూరు, మునుగోడు, నాంపల్లి దిక్కు వాళ్లు నీళ్ల పరీక్ష ఎక్కడ చేస్తారని అడుగుతూనే ఉన్నారు. వాళ్లకు జవాబులు రాయడానికి నాకు ఒక ఆదివారం పట్టింది.