విహారవిశేషములు: అప్పియా బాట

రోమునగరమునకు బోవు మన స్త్రీలు దేవాలయములను, చిత్రశాలలను జూచి మరలివచ్చుచున్నారు. నగరపు దక్షిణద్వారము వెలుపల 2,300 ఏండ్లు దాటిన బాట యొకటి నేటికిని నడచుటకు వీలుగా నున్నదని పెక్కురకు దెలియదు. క్రీ. పూ. 312లో అప్పియస్ క్లాడియస్ అను నధికారి దీనిని వేయించెను. తొలుత కపువా పట్టణమువఱకే యుండెను; పిమ్మట తూర్పుతీరమున బ్రిందిసి రేవుదాక సాగెను.

ద్వారమునుండి మొదటిభాగము మాకు నచ్చలేదు. ఇరువైపుల గోడలు, నడుమ మోటారుబండ్లు, కాలిబాట లేదు. పిల్లలను వెంటబెట్టుకొనువారు బస్సెక్కి సిసిలియా మెటెల్లా సమాధికడ దిగుట మేలు. అటుపైని బండ్లు తగ్గును. నల్లని లావారాళ్లు పఱచిన బాట, సుమారు 4 మీటర్ల వెడల్పు. సైకిళ్లు అద్దెకు దొరకును గాని యా రాళ్లపై నెక్కినచో నెముకలన్నియు గదలును. అంచుననున్న మట్టిదారి పట్టవలెను. చీర కట్టినవారు కుచ్చెళ్లు గొలుసున జిక్కకుండ జూచుకొనవలెను. మా మతమున నడకయే మేలు. శాసనము చదువవలెనన్న నెట్లును దిగవలసినదే గదా!

ఊరిలోపల శవములను బూడ్చరాదని రోమనుల చట్టము. అందుచే బాటకిరుప్రక్కల సమాధులు లేచినవి. మెటెల్లాది దాదాపు 30 మీటర్ల యడ్డుకొలతగల గుండ్రని కట్టడము. 14వ శతాబ్దమున దానిని కోటగా మార్చుకొనిరి. ఇంత కట్టడముపై నామెనుగూర్చి యున్న దెంత? క్రెటికసు కూతురు, క్రాసుసు భార్య. అంతే. ఏ యీడున గతించెనో, బిడ్డలు గలరో లేరో యందు లేదు.

ఇంకను ముందునకు నడచిన ముగ్గురి బొమ్మలు చెక్కిన రాయి యొకటి కలదు. (అసలుది ప్రదర్శనశాలకు జేరినది, అచ్చటిది ప్రతి.) హెర్మొడోరసు, డెమారిసు అనువారు దాస్యవిముక్తులు. మూడవయామె ఉసియా ప్రీమా. ఆమె పేరివెంట ‘ఐసిసుదేవత యర్చకురాలు’ అని యున్నది. తండ్రి పేరు లేదు, భర్త పేరు లేదు! ఆ మహాసమాధికడ బదినిమిషములు నిలిచిన మేము ఈ రాతికడ నరగంట నిలిచితిమి. దాసులందఱకు నిట్టి భాగ్యము గలుగలేదు. క్రీ. పూ. 71లో స్పార్టకసు తిరుగుబాటు నణచినపిమ్మట 6,000 మందిని కపువానుండి రోమువఱకు నీ బాటపొడవునను శిలువవేసిరి. వారికి రాయి లేదు.

ఈ బాట నేడు మిగులుట దానంతట జరిగినది కాదు. ధనికులు సమాధుల నడుమ భవంతులు లేపుచుండగా, 1953లో ఆంటోనియో చెదెర్నా అను పత్రికారచయిత తీవ్రముగా ఖండించి, బ్రదికినన్నినాళ్లు పోరాడెను. 1988లో నిది రక్షితవనమైనది. 2024లో యునెస్కోవారి ప్రపంచవారసత్వపట్టిక కెక్కినది. అయినను గొన్ని సమాధులు నేటికిని పరుల ప్రహరీలలోపలనే యున్నవి. ఇనుపతలుపుల సందులగుండ దొంగిచూచి సాగిపోవలసినదే.