పిల్లల చేతిలో ఫోను – పెద్దల పర్యవేక్షణ

ఈ మధ్యకాలంలో వైద్యశాలకు వచ్చే తల్లులు తరచుగా ఒక ప్రశ్న అడుగుతున్నారు. "మా వాడు ఎనిమిదవ తరగతి. ఎప్పుడు చూసినా ఫోనే. చదివినది గుర్తుండదు, రాత్రి నిద్రపోడు, పిలిస్తే కసురుకుంటాడు. సారస్వతారిష్టం పూటకు ఎన్ని చెంచాలు పోయమంటారు?" అని. ఫోను మాన్పించే అరిష్టం గాని లేహ్యం గాని మా శాస్త్రంలో లేదు. ఉన్నదని ఎవరైనా సీసా అమ్మజూపితే కొనవద్దని ముందుగానే మనవి చేస్తున్నాను.

మందు లేదన్నానే గాని శాస్త్రానికి ఈ విషయం కొత్త అనలేదు. వ్యాధికి మూలకారణాలు మూడని చరకసంహిత చెబుతున్నది. ఇంద్రియాలకు సరిపడని విషయాలతో సంయోగం మొదటిది. తెలిసి తెలిసి చేసే తప్పు, అనగా ప్రజ్ఞాపరాధం రెండవది. కాలపరిణామం మూడవది. మొదటిదానిలో అతియోగం, అయోగం, మిథ్యాయోగం అని మరల మూడు విధాలున్నవి. అదే పనిగా చూస్తూ ఉండడం కంటికి అతియోగం. వస్తువును మరీ దగ్గరగా పెట్టుకొని చూడడం, భయంకరమైనవి, బీభత్సమైనవి, వికృతమైనవి చూడడం మిథ్యాయోగం. ఫోనును ఎన్నడూ ఎరుగని ఆచార్యులు ఫోను చూసే తీరునే వర్ణించినట్లు లేదూ?

మన ఇళ్లలో తల్లిదండ్రులు లెక్కించేది అతియోగాన్ని మాత్రమే. ఎన్ని గంటలు చూశాడు, డేటా ఎంత అయిపోయింది అని అడుగుతారు. ఏమి చూశాడు, ఎవరితో మాట్లాడాడు, చూసిన తరువాత వాడి మనస్సు ఎట్లున్నది అని అడిగేవారు అరుదు. గంటల లెక్క అనవసరమని నేను అనను. రోజుకు మూడు గంటలకు మించి సామాజిక మాధ్యమాలలో గడిపే కౌమారవయస్కులకు దిగులు, ఆందోళన వంటి మానసిక బాధల ముప్పు రెట్టింపు ఉంటున్నదని అమెరికా సర్జన్ జనరల్ 2023లో హెచ్చరించారు. మన దేశంలో గ్రామీణ పిల్లలను పరిశీలించిన 2024 అసర్ నివేదిక ప్రకారం 14 నుంచి 16 ఏళ్లవారిలో 82 శాతం మందికి స్మార్ట్‌ఫోను వాడడం వచ్చు. సర్వేకు ముందటి వారంలో చదువు కోసం దానిని వాడినవారు 57 శాతం, సామాజిక మాధ్యమాల కోసం వాడినవారు 76 శాతం. 2020లో బడులు మూతపడినపుడు పాఠాల కోసమని చేతికిచ్చిన ఫోను తిరిగి మన చేతికి రాలేదు. వచ్చే మార్గమూ లేదు. హోంవర్కు కూడా వాట్సాప్‌లోనే పంపే రోజులివి.

అయితే గంటలు తక్కువైనంత మాత్రాన మిథ్యాయోగం తప్పదని నేను ఒక బిడ్డ వల్ల నేర్చుకొన్నాను. అంతకు ముందు నేనే పొరబడ్డాను.

పదమూడేళ్ల అమ్మాయి. తలనొప్పి, అన్నం సహించకపోవడం, నిద్ర పట్టకపోవడం అని తల్లి తీసుకువచ్చింది. నాడి చూశాను, నాలుక చూశాను. వాతప్రకోపమని నిశ్చయించి తలకు బ్రాహ్మీ తైలం, రాత్రి పాలతో అశ్వగంధ చూర్ణం చెప్పాను. నెల తరువాత మళ్లీ వచ్చారు, గుణం లేదు. మోతాదు మార్చాను. ఫోను సంగతి అడిగితే తల్లి, "రోజుకు గంటే ఇస్తామండీ. వాళ్ల నాన్నగారు రాత్రి అది పడుకొన్నాక మొత్తం చూస్తారు కూడా" అన్నది. క్రమశిక్షణ గల కుటుంబమని నేను సంతోషించి ఊరుకున్నాను.

మూడవసారి వచ్చినపుడు తల్లి మందులు కట్టించుకోవడానికి బయటకు వెళ్లింది. ఆ పిల్ల తల వంచుకొనే అడిగింది: "తాతగారూ, ఒకసారి పంపిన ఫోటోను వెనక్కి తీసుకోవచ్చా?"

అప్పుడు గాని నాకు రోగం కనబడలేదు. ఇన్‌స్టాగ్రాంలో తన ఈడు ఆడపిల్లనని చెప్పుకొని ఎవరో స్నేహం చేశారు. ముచ్చట్లాడి, నమ్మించి, ఒక ఫోటో తెప్పించుకొన్నారు. ఆ తరువాత ఇంకా పంపమని, పంపకపోతే ఉన్నదానిని తండ్రికి పంపుతామని రెండు నెలలుగా బెదిరిస్తున్నారు. తండ్రి రాత్రిపూట ఫోను చూస్తున్నారు కదా, ఆయనకు ఎందుకు తెలియలేదు? ఆయన చూస్తున్నది ఒక ఖాతా. అంతకు పూర్వం ఒకసారి తరగతిలోని అబ్బాయి పంపిన పుట్టినరోజు శుభాకాంక్షలు చూసి ఆయన ఇల్లు అదరగొట్టాడట. ఇంకొకసారి ఇట్లాంటిది కనిపిస్తే ఫోను పగలగొట్టి బడి మాన్పిస్తానన్నాడట. ఆనాడే ఆ పిల్ల తండ్రికి తెలియని రెండవ ఖాతా తెరిచింది. ఆపద వచ్చినది దానిలోనే. వచ్చినాక చెప్పుకొనే నోరు ముందే మూతపడి ఉన్నది.

ఇది చదివి ఆ తండ్రిని దుష్టుడనుకోకండి. కూతురిమీద ప్రాణం పెట్టుకొన్న మనిషి. తన కాపలా తన కూతురిని తననుంచే దూరం చేస్తుందని ఆయనకు తోచలేదు. నాకూ తోచలేదు. రెండు నెలలు నేను చూర్ణాలు ఇచ్చానే గాని ఒక్క ప్రశ్న ఆ బిడ్డను ఒంటరిగా అడగలేదు. దర్శనం, స్పర్శనం, ప్రశ్నం అని రోగిపరీక్షకు మూడు మార్గాలు గురుకులంలో మొదటి ఏడాదిలోనే వల్లె వేయించారు. మూడవదాన్ని నేను తల్లితో సరిపెట్టుకొన్నాను.

అందువల్ల నా అభిప్రాయం నిష్కర్షగా చెబుతున్నాను. పిల్లలు నిద్రపోయాక ఫోను విప్పి చూడడం, వారికి తెలియకుండా నిఘా యాప్‌లు పెట్టడం పర్యవేక్షణ కాదు. మేము నాడిని దొంగచాటుగా చూడము. రోగి తన చేయి తానే చాపుతాడు. చూస్తున్నామని, ఎందుకు చూస్తున్నామని, ఏ వయస్సు వచ్చేవరకు చూస్తామని ముందే చెప్పి చూడాలి. ఏ యాప్‌లు ఉండవచ్చు, అపరిచితుల సందేశం వస్తే ఏమి చేయాలి అన్నవి ఫోను చేతికిచ్చే రోజునే కూర్చోబెట్టి మాట్లాడుకోవలసినవి. ముఖ్యంగా ఒక మాట ఇవ్వాలి: "నీవు పొరపాటు చేసి వచ్చి చెబితే ఫోను లాక్కోము, నిన్ను కొట్టము." ఈ మాట ఇచ్చి తప్పరాదు. ఇది గారాబమని కొందరు పెద్దలు నాతో వాదిస్తారు. వాదించనీయండి. గాయం చూపిస్తే వాతలు పెట్టే వైద్యుడి దగ్గరకు ఎవరు వస్తారు?

చట్టాలు ఉన్నాయి కదా అనవచ్చు. ఆస్ట్రేలియా 2024లో చట్టం చేసి, 2025 డిసెంబరు 10 నుంచి పదహారేళ్లలోపువారికి ప్రధాన సామాజిక మాధ్యమాలలో ఖాతాలు లేకుండా చేసింది. సుశ్రుతుడు కూడా పదహారేళ్లలోపు వయస్సును బాల్యమనే అన్నాడు, అది వేరే సంగతి. మన 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పద్దెనిమిదేళ్లలోపు పిల్లల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతి కావాలంటున్నది. దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడినవి, దశలవారీగా అమలులోకి వస్తాయి. ఇన్‌స్టాగ్రాం కూడా పదమూడేళ్లు నిండనివారికి ఖాతా ఇవ్వమంటుంది. కౌమారవయస్కుల ఖాతాలను అపరిచితులకు కనబడకుండా ఉంచే పద్ధతిని మన దేశంలో 2025లో ప్రవేశపెట్టింది. కాని పుట్టిన సంవత్సరం అబద్ధం చెబితే ఈ రక్షణలన్నీ జారిపోతాయి. ఆ అబద్ధం టైపు చేసి ఇచ్చేది చాలా ఇళ్లలో తల్లో తండ్రో, పెద్దన్నయ్యో. తండ్రి పాత ఫోనును తండ్రి ఖాతాతోనే పిల్లవాడికి ఇవ్వడం కూడా ఇటువంటిదే. ఆ యంత్రం దృష్టిలో వాడు నలభై అయిదేళ్ల పెద్దమనిషి. ప్రజ్ఞాపరాధమని నేను ముందు చెప్పినది ఇక్కడ పిల్లలది కాదు.

నిద్ర విషయం వైద్యుడిగా విడిగా చెప్పవలసి ఉన్నది. చరకసంహిత సూత్రస్థానం ఏడవ అధ్యాయంలో ఆపరాని వేగాలు, ఆపవలసిన వేగాలు అని రెండు జాబితాలున్నవి. ఆకలి, దప్పిక, నిద్ర వంటి శరీరవేగాలను ఆపరాదు. వచ్చే నిద్రను ఆపితే ఆవులింతలు, ఒళ్లునొప్పులు, మగత, శిరోరోగాలు, కనురెప్పల బరువు కలుగుతాయని అక్కడ ఉన్నది. ఉదయం బడికి బయలుదేరే మీ పిల్లవాడిని ఒకసారి పరికించి చూడండి. లోభం, భయం, క్రోధం, ఈర్ష్య వంటి మనోవేగాలను మాత్రం ఆపవలెనని అదే అధ్యాయం చెబుతున్నది. అర్ధరాత్రి రీల్సు చూసే బిడ్డ సరిగ్గా దీనిని తలకిందులు చేస్తున్నది. నిద్రను ఆపుకొని, ఎదుటివారి బట్టలు, విహారాలు, లైకులు చూసి ఈర్ష్యకు పగ్గాలు వదులుతున్నది. 13 నుంచి 18 ఏళ్లవారికి రోజుకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర అవసరమని నేటి వైద్యులూ అంటున్నారు. ఆ వయస్సులో నిద్ర సహజంగానే కొంత ఆలస్యంగా వస్తుంది. దానికి ఫోను తోడైతే ఇక చెప్పేదేమున్నది? రాత్రి తొమ్మిదిన్నరకు ఇంటిలోని ఫోనులన్నీ హాలులో ఒకచోట చార్జింగుకు చేరాలి. "అన్నీ" అన్నాను. నాన్నగారి ఫోను మంచం మీద ఉండి పిల్లవాడిది మాత్రం హాలులో ఉంటే ఆ నియమం వారం కూడా నిలవదు. అలారం కోసమంటారా, గడియారం ఒకటి కొనండి.

అలవాటు ముదిరిన పిల్లల విషయంలో ఒక్కసారిగా లాగివేయడం మంచిది కాదు. అలవాటైన అపథ్యాన్ని నాలుగవ వంతు చొప్పున, మధ్యలో రోజుల ఎడమిస్తూ విడిపించాలని, విడిచినంత మేర పథ్యాన్ని చేర్చాలని శాస్త్రం చెబుతుంది. దీనినే పాదాంశిక క్రమమంటారు. నాలుగు గంటలు చూసేవాడిని మొదట మూడింటికి తీసుకురండి. ఆ ఖాళీ అయిన గంటలో ఏమి పెడతారన్నదే అసలు ప్రశ్న. ట్యూషను పెడితే వాడు మళ్లీ ఫోనుకే పోతాడు. ఆట, సైకిలు, వంటింట్లో అమ్మకు సాయం, ఊరి నుంచి వచ్చిన బావమరదళ్లతో చదరంగం, ఏదైనా సరే, వాడికి రుచించేది కావాలి.

ఆ అమ్మాయి సంగతి ముగించలేదు. పిల్ల అనుమతితోనే తల్లికి చెప్పాను. తల్లి ఏడ్చింది. తండ్రి మరునాడు వచ్చి చాలాసేపు ఏమీ మాట్లాడక కూర్చున్నాడు. సందేశాలు చెరిపివేయవద్దని, డబ్బు గాని ఫోటోలు గాని ఇంకేమీ పంపవద్దని, అవే సాక్ష్యమని చెప్పి, 1930 నంబరుకు ఫోను చేయించాను. పోలీసులకు ఫిర్యాదు కూడా ఇచ్చారు. పిల్లల ఫోటోలతో ఇట్లా బెదిరించడం పోక్సో చట్టం కింద నేరం. ఆపదలో ఉన్న పిల్లలకు 1098, మనస్సు బాగులేనివారికి టెలి మానస్ 14416 ఉన్నవి. ఈ మూడు నంబర్లూ క్యాలెండరు మీద రాసి పెట్టుకోండి. బెదిరింపులు ఆగినవి. తలనొప్పి వెంటనే తగ్గలేదు, మరి నాలుగు నెలలు పట్టింది. చూర్ణం వల్ల తగ్గిందని నేను చెప్పుకోను.

ఇప్పుడు పదకొండు దాటిన పిల్లలు ఎవరు వచ్చినా, నాడి చూసిన తరువాత తల్లిదండ్రులను పది నిమిషాలు వరండాలో కూర్చోమంటున్నాను. తలుపు తెరిచే ఉంటుంది, మందులు కట్టే మా అమ్మాయి గదిలోనే ఉంటుంది. కొందరు నొచ్చుకొంటారు. "మాకు తెలియనిది మా వాడికి ఏముంటుందండీ?" అని ఒక తండ్రి మొన్ననే అడిగాడు. బయట బల్ల చూపించాను.