ఆ గొంతుల్ని నార్మల్ చేయనీయకండి

పాత క్యాసెట్లను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించే దుకాణాల్లో ఈమధ్య ఒక మాట తరచూ వినిపిస్తోంది. "సౌండ్ కూడా నార్మలైజ్ చేసి ఇస్తామమ్మా." అదనపు సేవ అనుకుని మనం తలూపుతాం. నేనైతే వద్దనే అంటాను. మీరూ వద్దనండి.

ఎందుకంటే నార్మలైజ్ అనే ఒక్క మాట కింద రెండు వేర్వేరు పనులు జరుగుతాయి. మొదటిది, వీడియోలో అన్నిటికన్నా పెద్ద చప్పుడు ఎక్కడుందో చూసి, అది హద్దు దాటకుండా మొత్తం శబ్దాన్ని ఒకే లెక్కన పెంచడం. దీంతో పేచీ లేదు. కాకపోతే మధ్యలో ఒక్క టపాకాయ పేలినా అదే హద్దుకు తగులుతుంది, ఇక మిగతా ఏదీ పెరగదు. అప్పుడు దుకాణంవాళ్లు రెండోది వాడతారు. చిన్న శబ్దాన్ని లేపి, పెద్ద శబ్దాన్ని అణిచి, అన్నిటినీ ఒకే మట్టానికి తెస్తారు. నా గొడవంతా దీనితోనే.

మా ఇంట్లో హన్మకొండ వేయిస్తంభాల గుడి దగ్గర తీసిన ఎంగిలిపూల బతుకమ్మ టేపు ఉంది. పాట చెప్పేది మా అత్తమ్మ. ఆమె ఒక్క గొంతు సన్నగా మొదలవుతుంది, వెంటనే చుట్టూ ఉన్నవాళ్లంతా చప్పట్లతో అందుకుంటారు. ఆ హెచ్చుతగ్గుల్లోనే ఉంది బతుకమ్మ. దుకాణం నుంచి వచ్చిన ఫైల్లో ఒక్క గొంతూ అంత గుంపూ ఒకే ఎత్తు! అత్తమ్మ ఊపిరి తీసుకునే చోటల్లా జనరేటర్ హోరు పైకి లేస్తోంది. అత్తమ్మ ఇప్పుడు లేరు. టేపు ఇంకా నడుస్తోంది కాబట్టి సరిపోయింది.

"ఫోన్లో వినపడాలి కదా" అంటారు. నిజమే. దానికి ఫోన్లోనో వీఎల్‌సీ లాంటి ప్లేయర్లోనో శబ్దం సరిచేసుకోవచ్చు. ఫైల్లోనే మార్చేస్తే వెనక్కి రాదు. టీవీల వాళ్లకు ఒకే మట్టం కావాలి, ప్రకటన రాగానే మన చెవులు పగలకుండా. యూరప్ ప్రసార సంస్థలు 2010లో అందుకోసం ఆర్128 అని ఒక ప్రమాణమే పెట్టుకున్నాయి. మన ఇల్లు టీవీ చానల్ కాదు కదా!

ఇంకో సంగతి. శబ్దాన్ని ఇలా మట్టం చేయాలంటే సాధారణంగా దాన్ని విప్పి మళ్లీ ఎన్‌కోడ్ చేయాల్సి వస్తుంది. ఎంపీ3, ఏఏసీ లాంటి రకాల్లో అలా చేసిన ప్రతిసారీ కొంత పోతుంది. బొమ్మను కొత్త ఫార్మాట్‌లోకి మార్చినా, చాలాసార్లు శబ్దాన్ని ఉన్నదున్నట్టు కాపీ చేయొచ్చు. హ్యాండ్‌బ్రేక్‌లో దాన్ని పాస్‌త్రూ అంటారు.

కాబట్టి దుకాణంలో మూడు మాటలు గట్టిగా చెప్పండి. ఒకటి, టేపులోంచి వచ్చిన శబ్దం ఏ మార్పూ లేకుండా ఒక ఫైల్లో కావాలి. రెండు, పెంచడం, సరిచేయడం ఏదున్నా ఇంకో కాపీలోనే. మూడు, క్యాసెట్ తిరిగి ఇవ్వాలి. జాగా చాలదంటే నమ్మకండి. అసలు కుదించని స్టీరియో శబ్దమైనా, 48 కిలోహెర్ట్జ్, 16 బిట్‌లో గంటకు సుమారు 690 ఎంబీ. రేపు పిల్లల రీల్స్‌కి అంతకన్నా ఎక్కువే పడుతుంది.

చీరకు రంగు వెలిసిందని కొత్త రంగు అద్దించే ముందు పదిసార్లు ఆలోచిస్తాం. పోయినవాళ్ల గొంతుకు ఆ మాత్రం ఆలోచన వద్దా?