బావి లెక్క వాడకు చెప్పాలి

ఉత్తర అండమాన్‌లో ఏడాదికి సుమారు 3000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అయినా మా డిగ్లీపూర్‌లో వేసవికి బావులు అడుగంటుతాయి. రాతి క్వారీ జలమట్టం దాటి లోతుకు వెళ్తే గుంతలో ఊరిన నీటిని మోటార్లతో తోడేస్తారు. ముందు ఎండేది పక్క బావులే. అందుకే సింగరేణి ఓపెన్‌కాస్టుల వంటి పెద్ద గనుల పర్యావరణ అనుమతుల్లో ఏడాదికి 4 సార్లు చుట్టుపక్కల నీటిమట్టం కొలవాలన్న షరతు పెడతారు. ఆ కొలతలు ఆఫీసులకు చేరినంతగా చేద వేసేవాళ్లకు చేరవు.

ఈ దీవులకు షెడ్యూల్డ్ కులాల జాబితాయే లేదు. తెలుగునేల నుంచి వలస వచ్చిన దళితులం జనాభా లెక్కలో కనబడం. మా బావీ కనబడకూడదా? 1927లో మహాడ్ చెరువు దగ్గర బాబాసాహెబ్ నీటిని హక్కుగా అడిగారు. నీటి లెక్కా హక్కే. చిన్న క్వారీ పక్కనైనా వాడ బావిని కొలవాలి, ఆ అంకెలు పంచాయతీ గోడ మీద రాయాలి.